కొండవీడు కొండ మీది చెరువులకు ఇంటిల్లిపాదీ నడిచి వెళ్ళడం ఎలా?

విజయవాడ, గుంటూరు వాళ్ళకి కొండ అనగానే ముందు గుడి గుర్తొస్తుంది. ఇంద్రకీలాద్రి, మంగళగిరి పానకాల స్వామి, కోటప్పకొండ. మెట్లెక్కుతాం, దణ్ణం పెట్టుకుంటాం, ప్రసాదం తిని దిగిపోతాం. కొండ మీద చెరువు గట్టున చాప పరుచుకుని ఒక పూటంతా కూర్చోవడం మనకి పెద్దగా అలవాటు లేదు. ఆ ముచ్చట తీరాలంటే ఊటీ దాకా పోనక్కర్లేదు. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు పోతే కొండవీడు. కొండ మీద రెడ్డిరాజుల కోట, ఆ కోటలో మూడు చెరువులు: ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు.

చాలామంది కోట చూడ్డానికని వెళ్తారు. బురుజు మీద నాలుగు ఫోటోలు దిగి, ఎండకి తట్టుకోలేక గంటలో కిందికొచ్చేస్తారు. మీరు చెరువుల కోసం వెళ్ళండి. కోట ఎలాగూ దారిలో తగులుతుంది.

ముందు కాలం చూసుకోండి

ఈ మూడు చెరువులకీ వాన నీరే దిక్కు. ఏ సాగర్ కాలువా కొండెక్కి రాదు కదా. అందుకని నైరుతి వానలు పడి, ఈశాన్య వానలు కూడా ఒకటి రెండు సార్లు దంచాక వెళ్ళాలి. అక్టోబరు చివర్నుంచి జనవరి దాకా మంచి రోజులు. ఫిబ్రవరిలో కూడా పరవాలేదు. మార్చి వచ్చిందంటే ఇంక మర్చిపోండి.

మేం మొదటిసారి మే నెలలో వెళ్ళాం. గుంటూరు ఎండ సంగతి తెలిసి తెలిసి వెళ్ళాం, అదీ విడ్డూరం. పిల్లలకి సెలవులు, బంధువులు ఇంట్లో ఉన్నారు, అందరూ బయల్దేరదామన్నారు. తొమ్మిదింటికే రాళ్ళు పెనంలా కాలాయి. చెరువు దగ్గరికి చేరేసరికి అంచంతా నెర్రెలిచ్చిన బురద, మధ్యలో కొంచెం నీళ్ళు. మా పెద్దోడు అటూ ఇటూ చూసి, "నాన్నా, చెరువంటే ఇదేనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. డిసెంబరులో మళ్ళీ తీసుకెళ్తే గానీ వాడు నన్ను నమ్మలేదు.

కార్తీక ఆదివారాలు మాత్రం వదిలేయండి. వనభోజనాలకొచ్చే జనం, స్పీకర్లు, అంత్యాక్షరి. ఆ సందడి కావాలనుకుంటే అది వేరే సంగతి. మామూలు శనివారం వెళ్తే కొండ మీద మీ మాట మీకు వినపడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వార్తల్లో వినిపిస్తే ఆ వారం ప్రయాణం మానుకోండి. తడిసిన రాతి మెట్ల మీద పిల్లల్ని నడిపించడం, ఉరుములప్పుడు కొండ మీద ఉండటం రెండూ వద్దు.

ఎవరు నడవాలి, ఎవరు కారెక్కాలి

కొండవీడులో ఇంటిల్లిపాదికీ కలిసొచ్చే విషయం ఒకటుంది. పైకి రెండు దారులు. ఒకటి పాత కాలిబాట. కొన్నిచోట్ల రాతి మెట్లు, కొన్నిచోట్ల ఉత్త రాళ్ళూ మట్టీ. రెండోది దాదాపు 5 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. దాని మీద కార్లు, బైకులు పైదాకా పోతాయి. కాబట్టి అందరూ నడవాలన్న పట్టుదల పెట్టుకోకండి. ఓపిక ఉన్నవాళ్ళు నడుస్తారు, మిగతావాళ్ళు భోజనం క్యారేజీలతో కారులో వస్తారు, చెరువు దగ్గర అందరూ కలుస్తారు.

ఈ పంపకం ముందు రాత్రి ఇంట్లోనే తేల్చేయాలి. కొండ కింద నిలబడి మాట్లాడితే తేలదు. మా మామయ్యగారు అక్కడికొచ్చాక, "నేనేమన్నా ముసలాణ్ణా?" అని మెట్ల దారి పట్టారు. సగంలో ఒక రాయి చూసుకుని కూర్చున్నారు. ఆయన్ని మెల్లగా దించి కారెక్కించేసరికి పదిన్నర. ఎవరూ ఏమీ అనలేదు గానీ ఆ పూటకి నడక అక్కడితో సరి.

మా లెక్క ఇది. ఆరేళ్ళ లోపు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, గుండెకి మందులు వాడేవాళ్ళు, నెల తప్పినవాళ్ళు కారులో రావాలి. మిగతావాళ్ళ మీద అనుమానముంటే ముందు వారం విజయవాడలో గాంధీ హిల్ ఎక్కించి చూడండి. దాని ఎత్తు 500 అడుగులు. కొండవీడు వెయ్యి అడుగుల పైమాటే. గాంధీ హిల్ దగ్గరే "ఎత్తుకో నాన్నా" అన్న పిల్లాణ్ణి మొహమాటపడకుండా కారు జట్టులో వేయండి.

కలుసుకునే చోటు, టైము ముందే అనుకోండి. పైకి వెళ్ళాక ఫోన్ చేసుకుందాంలే అనుకోవద్దు, కొండ మీద సిగ్నల్‌ని నమ్ముకోకూడదు.

సంచిలో ఏముండాలి

నీళ్ళు ముందు. పెద్దవాళ్ళకి మనిషికి రెండు లీటర్లు, పిల్లలకి లీటరు, కారులో ఇంకో క్యాను. ఎవరి సీసా వాళ్ళే మొయ్యాలి, అప్పుడే నీళ్ళ విలువ తెలుస్తుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు మూడు పెట్టుకోండి. ఒక ప్యాకెట్ కలపడానికి ఎన్ని నీళ్ళు కావాలో దాని మీదే రాసి ఉంటుంది, అన్నీ ఒకేసారి పొయ్యాలి. అరగ్లాసు నీళ్ళలో చిక్కగా కలిపి తాగిస్తే మేలు కన్నా కీడెక్కువ.

తిండికి పులిహోరని మించింది లేదు. మధ్యాహ్నానికి ఇంకా రుచొస్తుంది. దద్దోజనం తెస్తే మాత్రం పొద్దున్నే పెరుగు కలిపేయకండి, పన్నెండింటికల్లా పులిసిపోతుంది. మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, తోడుకు సరిపడా పెరుగు వేసి కలపండి. తినే వేళకి సరిగ్గా తోడుకుని ఉంటుంది. నంజుకోవడానికి చల్లమిరపకాయలు. దారిలో నమలడానికి పల్లీ ఉండలు, చేగోడీలు.

ఇవన్నీ మూతలు బిగుసుకునే స్టీలు క్యారేజీల్లో, సంచి లోపల ఉండాలి. కోతులకి ప్లాస్టిక్ కవరు కనిపిస్తే చాలు, అందులో ఏముందో చూడ్డానికి కూడా ఆగవు. మా మరదలి చేతిలో కవరు లాక్కెళ్ళిన కోతికి లోపల దొరికింది పాప డైపర్లు. అది వాటిని ఒక్కొక్కటీ విప్పి చూసి మా వైపు విసిరేసింది. కోతి మీదికొస్తే పరిగెత్తొద్దు, పళ్ళు కనపడేలా నవ్వొద్దు, చేతిలోది వదిలేయండి.

కాళ్ళకి బూట్లు, మేజోళ్ళు. హవాయి చెప్పులతో మెట్ల దారి వద్దే వద్దు. పొడుగు ప్యాంట్లు వేయండి, పొదల్లో ముళ్ళుంటాయి. పిల్లల మెడలో తిరునాళ్ళలో కొన్న ఈల ఒకటి వేలాడదీయండి. తప్పిపోతే నడవకుండా ఉన్నచోటే నిలబడి ఊదాలని ఇంట్లోనే నేర్పండి. కారులో అందరూ కలిసి ప్రాక్టీసు చేసే ప్రమాదముంది, ముందే వద్దని చెప్పండి. ఇంకా ఒక టార్చి, దూది, బ్యాండేజీ, చెత్తకి ఖాళీ బియ్యం సంచి, ఒక ఎర్ర తువ్వాలు. తువ్వాలు ఎందుకో చెరువు దగ్గర చెప్తాను.

దారి

విజయవాడ నుంచైతే ఆరింటికల్లా కనకదుర్గమ్మ వారధి దాటాలి. మంగళగిరి, కాజ టోల్‌గేటు, గుంటూరు బైపాస్ మీదుగా చిలకలూరిపేట వైపు హైవే పట్టుకోండి. ఎడ్లపాడు ఇంకా రాకముందే బోయపాలెం దగ్గర కుడివైపు తిరిగితే కొండవీడు దారి. నరసరావుపేట రోడ్డు నుంచి వచ్చేవాళ్ళకి ఫిరంగిపురం వైపు నుంచి దగ్గర. 2022లో జిల్లాలు విడగొట్టాక కొండవీడు పల్నాడు జిల్లాలోకి పోయింది గానీ, గుంటూరు వాళ్ళు ఇంకా "మా కోట" అనే అంటారు.

టిఫిన్ హైవే మీదే కానిచ్చేయండి. పెట్రోలు కూడా. బస్సులో వచ్చేవాళ్ళు హైవే మీద దిగి ఆటో మాట్లాడుకోవచ్చు, కానీ తిరుగు ప్రయాణానికి కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. సాయంత్రం అక్కడ నిలబడి ఆటో కోసం చూడటం పిల్లలతో కష్టం.

ఘాట్ రోడ్డు మొదట్లో అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంటుంది. టికెట్టుకి చిల్లర దగ్గర పెట్టుకోండి. అక్కడి సిబ్బందిని మూడు విషయాలు అడగండి: కాలిబాట బాగుందా, ఏ చెరువులో నీళ్ళు నిండుగా ఉన్నాయి, కారు జట్టు ఎన్నింటికి దిగిపోవాలి. వాళ్ళకి తెలిసినంత ఫోన్‌లో మ్యాపుకి తెలీదు.

ఘాట్ రోడ్డు మీద కారు నడిపేవాళ్ళకి ఒక మాట. మలుపు మలుపుకీ హారన్ కొట్టండి, ఎక్కే బండికి దారివ్వండి, దిగేటప్పుడు బ్రేకు తొక్కిపెట్టి ఉంచకుండా తక్కువ గేరులో దిగండి.

ఎక్కడం

ఏడున్నరకి మొదలుపెడితే ఎండ ముదరకముందే పైకి చేరతారు. పిల్లలతో గంట నుంచి గంటన్నర పెట్టుకోండి. ముందు ఒక పెద్దమనిషి, వెనక ఒక పెద్దమనిషి, మధ్యలో పిల్లలు. వెనక నడిచేవాళ్ళు ఎప్పుడూ ఓపికున్నవాళ్ళయి ఉండాలి. అలిసిపోయిన మనిషిని వెనక పెడితే ఎక్కడ ఆగిపోయారో ముందువాళ్ళకి తెలీదు.

అందరికన్నా మెల్లగా నడిచేవాళ్ళ అడుగే మీ అందరి అడుగు. ఇరవై నిమిషాలు నడిచి ఐదు నిమిషాలు ఆగండి. ఆగినప్పుడల్లా రెండు గుక్కలు నీళ్ళు. గటగటా తాగితే కడుపులో పట్టేస్తుంది. పిల్లలు విసుక్కుంటే మెట్లు లెక్కపెట్టమనండి. ఇద్దరు పిల్లల లెక్కలు ఎప్పుడూ కలవవు, ఆ తగాదాతో సగం కొండ ఎక్కేస్తారు.

దారి వదిలి అడ్డంగా పొదల్లో పడి ఎక్కొద్దు. పాత గోడల మీదికి పిల్లల్ని ఎక్కించొద్దు. ఆ రాళ్ళు ఎన్నో వందల ఏళ్ళుగా నిలబడ్డాయి నిజమే, ఇవాళ కూడా నిలబడతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. చేతులు రాళ్ళ సందుల్లో పెట్టడం, చెట్టు తొర్రల్లో కర్రలు దూర్చడం కూడా వద్దు.

చెరువు గట్టున

చివరి మలుపు తిరిగి నీళ్ళు కనిపించగానే పిల్లలు పరిగెడతారు. ఆ క్షణానికి మీరు ముందే సిద్ధంగా ఉండాలి. చెరువు ఇంకా కనపడకముందే అందర్నీ ఆపి, నియమం చెప్పేయండి: నీళ్ళలోకి ఎవరూ దిగరు. కాళ్ళు కడుక్కోవడానికి కూడా. ఇవి పాత చెరువులు. అడుగున ఎంత పూడిక ఉందో, ఎక్కడ లోతుందో పైకి తెలీదు, గట్టు రాళ్ళ మీద నాచు ఉంటుంది. ఈత వచ్చినవాళ్ళకైనా బురదలో కాలు దిగబడితే ఈత పనికిరాదు.

ఇప్పుడు ఎర్ర తువ్వాలు. అది ఎవరి భుజం మీద ఉంటే వాళ్ళది నీళ్ళ కాపలా. తువ్వాలున్న మనిషి ఫోన్ చూడకూడదు, వడ్డించకూడదు, నీళ్ళ వైపే ముఖం పెట్టి పిల్లల్ని చూస్తూ ఉండాలి. అరగంటకొకసారి, "ఇక నువ్వు చూడు బాబాయ్" అని చేతికిచ్చి మార్చుకోవాలి. పదిమంది పెద్దవాళ్ళున్నచోటే పిల్లలు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. ఒకళ్ళు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు.

చాప గట్టుకి కాస్త ఎడంగా, చెట్టు నీడన పరవండి. పరిచే ముందు కర్రతో ఆకులు కదిపి చూడండి. ఇక కూర్చోండి. డిసెంబరు పొద్దున నీటి మీద కొండ నీడ పడి, గాలి వచ్చినప్పుడల్లా చెదిరి మళ్ళీ కుదురుకుంటుంది. కొంగలుంటాయి. చప్పుడు చేయకుండా కూర్చుంటే లకుముకి పిట్ట కనిపించినా కనిపించవచ్చు. మా అత్తయ్యగారైతే ఆ గట్టున అరగంట పలకలేదు. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఇంట్లో ఎవరం చూడలేదు.

పిల్లలకి తోచకపోతే ఒక పని పెట్టండి. ఇక్కడ వాన పడితే నీళ్ళు ఏ వాలు నుంచి దిగి చెరువులోకి వస్తాయో, చెరువు నిండితే ఎటు పొర్లుతాయో కర్రతో మట్టిలో గీసి చూపించమనండి. అది తేలాక, రాజులు ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారని అడగండి. కోట గోడ ఎంత ఎత్తుంటే ఏం, లోపల నీళ్ళు నిండుకుంటే తలుపు తియ్యాల్సిందే.

కథ కావాలంటే ఇక్కడ కొదవలేదు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం మొదలుపెట్టాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకి కర్పూరం ఎంత వెదజల్లేవాడో, ఆయనకి కర్పూర వసంతరాయలనే పేరే వచ్చింది. ఆఖరివాడైన రాచ వేమారెడ్డి బిడ్డ పుడితే కూడా పురిటి సుంకం కట్టమన్నాడని, అందుకు కడుపుమండిన సవరం ఎల్లయ్య ఆయన్ని పొడిచేశాడని కథ. పుట్టినందుకు పన్నా అని పిల్లలు తెగ నవ్వుతారు. ఆ తర్వాత కోట గజపతుల చేతికి పోయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచాడు. కుతుబ్‌షాహీలు వచ్చి దీని పేరు ముర్తజానగర్‌గా మార్చారు. చివరికి ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు. ఇంతమంది ఒకరి తర్వాత ఒకరు ఈ నీళ్ళే తాగారు. మీరు మాత్రం తాగకండి, సీసాలో నీళ్ళే తాగండి.

మధ్యాహ్నం భోంచేశాక చిన్నపిల్లల్ని కాసేపు పడుకోనిచ్చి, పెద్దపిల్లలతో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు వెళ్ళి బురుజులు, పాత కట్టడాలు, లక్ష్మీనరసింహస్వామి గుడి చూసి రావచ్చు. మూడు చెరువులూ ఒకే రోజు చుట్టాలన్న పంతం వద్దు. రెండు బాగా చూస్తే చాలు. మేం మూడూ చూసిన రోజు పిల్లలు మూడోదాని దగ్గర ఏడుస్తూ కూర్చున్నారు.

మీరు లేచేటప్పుడు బియ్యం సంచిలోకి మీ చెత్తంతా పోవాలి, విస్తరాకులు కూడా. ఓపికుంటే పక్కవాళ్ళు వదిలేసిన సీసాలు నాలుగు ఏరండి.

దిగేటప్పుడు

మూడున్నరకి దిగడం మొదలుపెట్టండి. చలికాలం కొండ చాటున పొద్దు తొందరగా వాలిపోతుంది. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ళు. పొద్దున నడిచొచ్చినవాళ్ళలో ఎవరికైనా కాళ్ళు వణుకుతుంటే కారులో చోటు చేసి పంపండి. బూట్ల తాళ్ళు బిగించి కట్టుకోండి, లేకపోతే వేళ్ళు ముందుకొచ్చి గోళ్ళు నలుగుతాయి. పిల్లల్ని పరిగెత్తనివ్వకండి.

పాముల సంగతి భయపెట్టడానికి కాదు గానీ తెలిసుండాలి. మన కొండల్లో రక్తపింజరి, నాగుపాము, కట్లపాము ఉంటాయి. అడుగుల చప్పుడుకి చాలావరకు అవే తప్పుకుంటాయి. కాటు పడితే కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో గట్టిగా కట్టొద్దు, నాటుమందు కోసం తిరగొద్దు. ఉంగరాలు, పట్టీలు తీసేసి, ఆ కాలు కదలకుండా కర్రకి కట్టి, మనిషిని నడిపించకుండా కారు దగ్గరికి మోసుకెళ్ళి, 108కి ఫోన్ చేస్తూ పెద్దాసుపత్రికి బయల్దేరాలి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉంటుంది.

కిందికొచ్చాక ఓపిక మిగిలితే గోపీనాథస్వామి గుడి చూడండి. దాన్ని కత్తుల బావి గుడి అని కూడా అంటారు. బావిలో కత్తులు అమర్చి శత్రువుల్ని మోసంతో అందులో పడేశారని చెప్పుకుంటారు. మా చిన్నదానికి కోట మొత్తంలో గుర్తుండిపోయింది ఇదొక్కటే.

అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే సీతాఫలాలు కొనకుండా రాకండి. కొండవీటి సీతాఫలానికి ఈ చుట్టుపక్కల పేరుంది. ఇవాళ తినడానికి మెత్తబడినవి నాలుగు, మిగతావి గట్టివి తీసుకోండి. గట్టివాటిలో కళ్ళు విచ్చుకుని, సందుల్లో తెల్లబడినవే పండుతాయి. కళ్ళు విచ్చని కాయ ఎన్నాళ్ళుంచినా నల్లబడి రాయైపోతుంది. గింజలు పిల్లలు నమలకుండా చూడండి, వాటి పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

ఇంటికొచ్చాక మేజోళ్ళకి అంటుకున్న పల్లేరుకాయలు గుమ్మం బయటే దులిపేయండి. గట్టి సీతాఫలాలు బియ్యం డబ్బాలో పెట్టి మూతేయండి. రెండు మూడు రోజుల్లో డబ్బా మూత తీయకుండానే వాసన తెలిసిపోతుంది.